వెతకొద్దులే, ఎఫీ

ఫైఫ్ తీరం గాలికి పక్కకి వాలి
మొదటి బంతి గోర్స్ పొదల పసుపులో మునిగింది.
మర్డో గొంతు సవరించుకుని
"ప్రొవిజనల్" అన్నాడు, నాకు వినబడేలా.
చెప్పకుండా కొడితే
రెండోదే అసలుదైపోతుంది మరి.

కొట్టాడు.
అరవై ఏడేళ్లలో అంత తిన్నగా
అతని చేతి నుంచి ఏదీ వెళ్లలేదు.
తడి పచ్చిక నడుమ గుడ్డులా కూర్చుంది.

"వెతకొద్దులే, ఎఫీ. పోయిందనుకుందాం."

అనుకుంటే పోదు.
మూడు నిమిషాలున్నాయి, అవి నావి కూడా.
పూర్వం ఐదుండేవి,
మా నాన్న అందులో పైపు వెలిగించి, ఆర్పి, మళ్లీ వెలిగించేవాడు.

కర్రతో పొద కదిపాను.
కుందేలు పెంట.
ఎవరిదో పగిలిన బంతి.
సముద్రం మీంచి వాన నడిచొస్తోంది.
మర్డో వెతుకుతున్నాడు,
ఎక్కువగా ఆకాశంలో.

రెండు నిమిషాల నలభై సెకన్లు.
వేళ్ల దగ్గర తెల్లగా,
అతను పెట్టుకున్న ఎర్ర చుక్కతో సహా.

"దొరికింది!"
నా గొంతులో అంత సంబరం ఉండక్కర్లేదు.

అతను ఏమీ అనలేదు.
నడుచుకుంటూ వెళ్లి
పచ్చిక మీది ఆ బంతిని తీసి
జేబులో వేసుకుని, పైనుంచి ఓసారి తట్టాడు.
తిరిగొచ్చి
స్వెటర్ చేతులు మణికట్ల దాకా లాక్కుని
ముళ్లలోకి దూరాడు.