పదిహేడో సీసా

ఇరవై రెండేళ్లుగా
బిర్జంద్ ఆడవాళ్ల నడుములన్నీ నా టేపుకి తెలుసు.
నా నడుముకి మాత్రం ఎప్పుడూ పెట్టుకోలేదు.
నా బట్ట నేను కంటి కొలతతోనే కత్తిరించుకున్నాను,
ప్రతిసారీ ఓ బెత్తెడు దయతలిచి.

యూనివర్సిటీ వ్యాయామశాలలో
థీసిస్ రాస్తున్న పిల్ల, పరస్తూ,
చల్లటి వేళ్లతో నా చుట్టూ టేపు తిప్పింది.
అంకె పైకి చదవలేదు, మర్యాద తెలిసిన పిల్ల.
తలకిందుల అంకెలు చదవడం నా వృత్తి:
నూట నాలుగు.

చేతిలో సీసా పెట్టింది. మీద పదిహేడు.
"కుంకుమపువ్వు కావచ్చు ఖాలా, పిండి కావచ్చు.
ఎవరిది ఏదో నాకూ తెలియదు."

ముప్పై సెకండ్లు పరుగు, ముప్పై సెకండ్లు నడక.
ముప్పై సెకండ్లంటే
సూదిలో దారం ఎక్కించేంత అనుకున్నాను.
గుండె చెవుల్లోకొచ్చి కుట్టుమిషను తొక్కింది.
గీత ముట్టి రా, గీత ముట్టి రా,
విజిల్, మళ్లీ గీత.
మొదటి వారం మహ్లఖా గోడ పట్టుకుని వాంతి చేసుకుంది,
మూతి తుడుచుకుని వచ్చి
గీత మీదే నిలబడింది.
కొక్కేలకు వేలాడే మా చాదర్లు
మేమే అక్కడ నిలబడి మమ్మల్ని చూస్తున్నట్టు ఉండేవి.

ఒక రాత్రి ఆగలేక
మాత్ర విప్పి చన్నీళ్లలో పోశాను.
ఖాయెన్ పొలాల్లో పెరిగినదాన్ని,
తెల్లవారకముందే, వేళ్లు కొంకర్లు పోయే చలిలో
పూలు కోసినదాన్ని.
అసలుదైతే కంగారుపడదు,
కాస్త కాస్తగా బంగారం విడుస్తుంది.

కూర్చున్నాను. టీ కెటిల్ మరిగి ఆరిపోయింది.
గ్లాసులో విరిగిన పాలలాంటి నీళ్లు.

ఎవరికీ చెప్పలేదు.
మర్నాడు ఇంకో పిండి మాత్ర మింగి
పరుగుకి వెళ్లాను.
"అంతా ఈ పువ్వు మహిమే తూబా,
నీకూ తెలుస్తోందా?" అంది మహ్లఖా, ఆయాసపడుతూ.
తెలుస్తోందన్నాను.
అబద్ధమేం కాదు:
ఆ ముందురోజే నాలుగో అంతస్తుకి పెళ్లిబట్టలు మోసుకెళ్లి
బెల్లు నొక్కాక గుర్తొచ్చింది,
మధ్యలో ఎక్కడా ఆగలేదని.

పన్నెండో వారం సీసాల గుట్టు విప్పారు.
పరస్తూ నేల చూస్తూ అంది,
"ఖాలా, మీది పిండి."
"తెలుసమ్మా."
పిల్ల మొహం సున్నం కొట్టినట్టయింది,
మూడు నెలల కాగితాలు కళ్లముందే చిరిగినట్టు.
"ఊరికే అన్నాలే, నాకేం తెలుస్తుంది,"
దర్జీదాన్ని కదా, కనపడకుండా అతుకు వేశాను.

పాపం, పరిహారంగా
అగ్గిపెట్టెంత డబ్బాలో అసలు పువ్వు ఇచ్చింది.
దాన్ని బియ్యంలోకి దాచాను, అతిథులొస్తే.

ఇంటికొచ్చి టేపు తీశాను.
తొంభై ఎనిమిది.
కత్తెర పెట్టేముందు రెండుసార్లు కొలవమనేది మా అమ్మ.
మళ్లీ కొలిచాను.

అన్నీ అడిగాను గానీ
శనివారం నుంచి ఆ హాలు తాళం
ఎవరి దగ్గరుంటుందో
అడగడం మరిచిపోయాను.