ఇంటు గుర్తు

దస్తావేజుల గదిలోకి పెన్ను రానివ్వరు. పెన్సిలే.
చేతులు కడుక్కుని రమ్మన్నారు,
బొడ్డూడని బిడ్డనెవరినో ఎత్తుకోబోతున్నట్టు.
నాడా విప్పితే
నూటయాభై ఏళ్ల దుమ్ముకి తుమ్మొచ్చింది.

మా ముత్తాత తండ్రి మథయస్ టాల్టీ.
ఓడ జాబితాలో డాల్టీ,
పెళ్లి రిజిస్టర్లో టోల్టీ,
భూమి అర్జీలో, గుమాస్తా ఆకలి వేళ కాబోలు,
ఒట్టి డాటీ.
నోరు తిరగని పేరేం కాదు.
చెప్పేవాడికి అక్షరం లేదు,
రాసేవాడికి తీరిక లేదు.

వయసూ నిలకడగా లేదు.
ఓడెక్కినప్పుడు ఇరవై నాలుగు,
మూడేళ్లకి సబీనా లిల్లిస్‌ని పెళ్లాడినప్పుడు ముప్పై ఒకటి.
సముద్రం మీద మనిషి తొందరగా ముదురుతాడేమో,
లేదా చవక టికెట్టుకి ఏ వయసు కావాలో
ఆ వయసే చెప్పాడేమో.

ఊనా అత్త చెప్పే కథ వేరు.
క్లేర్ నుంచి కోటు జేబులో
ఒకే ఒక్క బంగాళదుంప తెచ్చాడని,
నాలుగు నెలల ప్రయాణంలో ఎంత ఆకలేసినా కొరకలేదని,
మా మడులన్నీ దాని సంతానమేనని.
క్రిస్మస్ బల్ల మీద దుంపల గిన్నె చేతులు మారిన ప్రతిసారీ
ఆ కథ కాస్త ఒళ్లు చేసేది.

కాగితం అంటున్నది ఇదీ:
విత్తన దుంపలు పన్నెండు బస్తాలు,
కొట్టు క్రాబ్ దగ్గర అరువు,
నూటికి పదిహేను వడ్డీ.

బయటికొచ్చి ఫోన్లో చదివి వినిపించాను.
అత్త కాసేపు మాట్లాడలేదు.
"పదమూడోది జేబులో ఉండకూడదా ఏం?" అంది.

ఉండొచ్చు.

ఎనభై ఎకరాలు. షరతులు మూడు:
అక్కడే కాపురముండాలి,
పదో వంతు దున్నాలి,
చుట్టూ కంచె వెయ్యాలి.
మూడేళ్లకి తనిఖీకి వచ్చినవాడి లెక్క:
బెరడు కప్పిన గుడిసె ఒకటి.
పందుల దొడ్డి.
బావి, నీళ్లు ఉప్పన.
పడగొట్టిన యూకలిప్టస్ మాన్లు అనేకం.
పిల్లలు నలుగురు, బతికున్నది ఇద్దరు.
ఈ చివరిది అభివృద్ధి పద్దులో లేదు,
అంచున సన్నగా రాసి ఉంది.
ఆ మనిషెవరో గాని
ఆ ఒక్క గీతకి అతన్ని క్షమించాలనిపించింది,
ఎందుకు క్షమించాలో తెలియకుండానే.

నిరుడు ఐర్లండ్ నుంచి తెప్పించుకున్న
జమీందారు పద్దు నకలు నా సంచిలో ఉంది.
అందులో మథయస్ తల్లికి దక్కింది ఒకటే వరస:
టాల్టీ, విధవ, మూడెకరాలు, శిస్తు బకాయి,
ఖాళీ చేయించడమైనది.
అమీను మనుషులు దూలానికి తాడు కట్టి
కప్పు లాగేశారట.
కుర్రవాడు గోడవతల నిలబడి చూశాడట.
ఆ "అట" కూడా అత్తదే.

కట్టలో అట్టడుగున ఒక ఉత్తరం.
పాదిరి గారి దస్తూరీ, మాట మాత్రం మావాడిది:
వాగు మడుగులో మలుగుపాములు పట్టుకోడానికి
ఆ నల్లవాళ్లు ఏటా వస్తున్నారు,
కంచె తోసుకుని వస్తున్నారు,
మా తాతల నాటి మడుగంటున్నారు,
దయచేసి.
కింద, వేరే సిరాలో:
ఖాళీ చేయించడమైనది.

పదిసార్లు చదివాను.
అవే రెండు మాటలు.
సముద్రం దాటినా వాటికి వయసు మారలేదు.

మావాడి పేరుకి మూడు తప్పులు దొరికాయి.
వాళ్ల పేర్లు
తప్పుగా రాసే ఓపికైనా ఎవరికీ లేకపోయింది.

ఉత్తరం చివర అతని సంతకం, ఇంటు గుర్తు.
నా పుస్తకంలో దిద్ది చూశాను.
నాది మరీ తిన్నగా వచ్చింది.
అతని రెండో గీత మధ్యలో వణికి ఉంది.
చలికో,
పాళీ పాదిరిదవడం వల్లో.
ఇంకేదో అని రాయాలని పెన్సిలు ఎత్తి
ఆగిపోయాను.
అక్కడ నేనూ జేబులో దుంప పెట్టబోతున్నాను.

గంట కొట్టారు.
నాడా మళ్లీ ముడేశాను,
ముందున్న ముడి ఎలా ఉండేదో చూసుకోలేదు.
బయట ఫోన్ మోగుతోంది.
అత్త.
క్రిస్మస్‌కి దుంపలు ఎన్ని కిలోలు తెమ్మంటావు అని.