కాయితమంత సందు

కోఠిల అడిగితే పద్దెనిమిది వందలన్నరు,
అదీ ఒక్కదానికి.
ఫ్యాన్ కింద కూసున్నాయన నా చెప్పుల దిక్కు చూసి
"ఆర్డరిస్తే నెల పడ్తది" అన్నడు.

నాకున్నది ఒక వాల్వు.
తుక్కుకు పోతున్న జీపు రేడియోల దొరికింది,
పన్నెండు వోల్టులకే కన్ను తెరుస్తది.
ఇంకొకటి గిటారు.
ఆర్కెస్ట్రా మూతబడ్డనాడు
ఆరు పెండ్లిళ్ల కూలికి బదులు నా మెడల ఏసిన్రు.

పెద్ద వోల్టులైతే మోత మస్తుంటదని తెలుసు.
కానీ స్టార్టర్ డబ్బ కాడ
మా నాయిన పట్టిన చెయ్యి ఇడువలే
ఆ ఎండకాలం.
అప్పటిసంది అమ్మ
బల్బు స్విచ్చు గుడ్క కొంగు అడ్డం బెట్టే ఏస్తది.
"కొరికేది ఇంట్లకు తేకు" అన్నది, ఒక్కటే మాట.
బండి బ్యాటరీ కొరకదు.
అంతల్నె పాట రావాలె.

మిర్యాలగూడల ఇన్వర్టర్ల షాపోడు
అడిగింది సమజ్ గాక చార్జర్ చూపించిండు.

నల్లగొండ. రెండు గుట్టల నడుమ ఊరు,
ప్రకాశం బజారు ఎనుక సందు,
కాలిన మోటర్లు వరుసగ పండుకున్నయి.
బోరెండితే మనిషి అప్పుల పడ్తడు,
మోటరొచ్చి చాంద్ పాషా దుకాణంల పడ్తది.
ఆయనకిప్పుడు చేతులు వణుకుతయి,
చుట్టేది మాబూబమ్మ.
గోర్ల కింద రాగిపొడి, కొంగు నిండ వార్నీష్ వాసన.
"గిటారుకా?" అని నవ్వింది.
"ఏడున్నర హార్స్‌పవర్ చుట్టే చెయ్యి బేటా ఇది,
నిమ్మకాయంత దానికి నన్నడుగుతవా?"

అనుకుంటనే గోనెసంచి బోర్లిచ్చింది.
సచ్చిన స్టెబిలైజర్లు, ఎమర్జెన్సీ లైట్లు,
మైకుసెట్టాయన కుదువబెట్టి మరిచిన హారన్ల లోపలివి,
ఎవరిదో బడిగంట.
మీటరు ముల్లు పెట్టి ఒక్కొక్కదాన్ని అడిగిన,
ఉన్నవా, తెగినవా అని.
పదకొండిట్ల మూడు పలికినయి.
తక్కెట్ల ఏసింది. నలభై రెండు రూపాయలు.
"ఇనుము ధరకిస్తున్న, రాగి ధర గాదు.
మా ఆయనకు చెప్పకు."

గోడ కరెంటును ఆరు వోల్టులకు దించే పిల్లది.
గోడకు పోవాల్సిన తీగలు వాల్వుకిచ్చిన,
ఆరు దిక్కువి స్పీకర్‌కు.
పలికింది,
చిక్కమేసిన ఎద్దు లెక్క.
సన్నతీగ ముక్కుతోటి మాట్లాడింది,
లావుతీగ అసలు నోరే తెరువలే.

మళ్ల బస్సెక్కిన.

పొయ్యి మీద కాక జేసి, కత్తిమొనతోటి
రేకు రేకు ఊడదీసింది మాబూబమ్మ.
"చూడు, అటొకటి ఇటొకటి అల్లిన్రు.
గోడ కరెంటు అటూ ఇటూ ఊగుతది, దానికి గిదే మంచిది.
నీ వాల్వు ఒక్క దిక్కే గుంజుతది.
ఇనుము కడుపు నిండినంక పాట యాడ పడ్తది?"
పండ్లున్న రేకులన్ని ఒక దిక్కు,
పుల్లలసొంటివన్ని ఇంకో దిక్కు పేర్చింది.
నడుమ పెట్టనీకి ఏదన్న కావాలని
నా జేబు దిక్కు చూసింది.
మల్లేపల్లి బస్సు టికెట్,
ఒక్క పొర, మడత లేకుంట.

ఎంతియ్యాలె అన్న.
"చుట్టలేదు గద, విప్పినందుకు ముప్పై.
కాయితం నీదే."

ఆ రాత్రి లావుతీగ మీటితే
మంచం కింద సత్తుగిన్నె జవాబిచ్చింది.
పెద్ద మోతేం గాదు,
పక్కింటి టీవీ పెడ్తే మునుగుతది.
అయినా అది తీగ గొంతే, చిక్కం లేని గొంతు.

అమ్మొచ్చి నిలవడ్డది.
చెయ్యి జాపి, గుంజుకొని,
మళ్ల ఏళ్ల ఎనుక దిక్కుతోటి
ఆ ఇనుప ముద్దను ముట్టింది.
"వణుకుతున్నదిరా" అన్నది.
చెయ్యి తియ్యలే.
"లావుదాన్ని ఇంకోపారి కొట్టు."