అడ్డురాయి

రాయగడ ఆర్టీవో ఆఫీసు వెనక మైదానం.
పదకొండు కాకముందే రేకులు కాలుతున్నాయి.
వరసలో మా జీపు తొమ్మిదోది.
ముందున్న ఎనిమిదీ తెల్లవి, కొత్తవి,
ఏసీ నీళ్లు చుక్కచుక్కగా కారుస్తున్నాయి.
మాదీ కారుస్తోంది. అది నీళ్లు కాదు.

నంబరు ప్లేటు మీద ఇంకా కొరాపుట్ నంబరే.
జిల్లా విడిపోయి ముప్పై ఏళ్లు దాటింది,
దీనికెవరూ చెప్పలేదు.

ఇన్‌స్పెక్టరు కుర్రాడు, జేబు మీద జయంత గొమాంగో అని ఉంది.
మెత్తని మాట.
హారను కొట్టమన్నాడు.
తవుడు తల బయటికి పెట్టి ‘జరుగు జరుగు’ అని అరిచాడు.
హారను చచ్చి నాలుగేళ్లు,
అప్పట్నుంచీ అదీ తవుడి పనే.
కుర్రాడు నవ్వాడు గానీ
రాసుకోవడం ఆపలేదు.

తర్వాత కిందికి దూరి
ఛాసిస్‌ని స్క్రూడ్రైవరుతో చిన్నగా పొడిచాడు.
అప్పడంలోకి వేలు దిగినట్టు దిగిపోయింది.
రాలిన తుప్పు
చాటికొణ సంతలో డొంగ్రియా ఆడవాళ్లు మూట విప్పితే
నేలకి అంటుకునే పసుపు రంగు,
కొంచెం ముదురు.

నా కాళ్ల దగ్గర కంత ఉంది.
నూనెడబ్బా రేకు కొట్టి మూశాం, అతనికి కనబడలేదు.
నేనే రేకెత్తి చూపించాను.
ఎందుకో దాయబుద్ధి కాలేదు.
ఒక వర్షాకాలం, కల్యాణసింగుపురం దారిలో,
ఆ కంతలోంచి వెనక్కి పరిగెత్తే రోడ్డుని చూస్తూ
ఒక కోందు పిల్ల ఏడుపు మానేసింది.
పక్కనే వాళ్లమ్మ నొప్పులతో
నా సీటుని గోళ్లతో చీరేసింది.
ఆ చీలిక ఇంకా కుట్టించలేదు.

పొట్టి గేరు కర్ర ఒకటుంది,
నాలుగు చక్రాలకీ ఒకేసారి ఊపిరి పోసేది.
బస్సులు మోకాళ్ల లోతున కూరుకున్న చోట
దాన్ని లాగితే
జీపు గొంతు సవరించుకుని ఎక్కేసేది.
ఒంట్లో ఇప్పటికీ బాగున్నది అదొక్కటే.
ఫారంలో దానికి గడి లేదు.
అడిగాను.
లేదండీ అన్నాడు, తప్పు తనదే అయినట్టు.

హ్యాండు బ్రేకు లాగమన్నాడు.
ఊడి చేతిలోకొచ్చింది.
మైదానం కాస్త వాలు.
జీపు తల వంచుకుని
ముందున్న తెల్ల బండి వైపు కదిలింది.

తవుడు దిగడం నేను చూడలేదు.
ఇరవై రెండేళ్లలో ఎప్పుడూ చూడలేదు.
నా కాలు బ్రేకు వెతుక్కునేలోపు
అతను నేల మీద ఉంటాడు,
రాయి చక్రం కింద ఉంటుంది.
నాగావళిలో ఏరిన రాయి.
చక్రం నొక్కీ నొక్కీ ఒక పక్క గిన్నెలా గుంట పడింది.
ఆ గుంటలో టైరు
అలవాటుగా కూర్చుంది.

కుర్రాడు వంగి ఆ రాయిని చాలాసేపు చూశాడు.
పెన్ను మూత తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు.
‘హెబ నాహి, మౌసా.’

నాకు తెలీదా.
మనుషుల్ని ఎక్కించడం మానేసి ఎనిమిది నెలలు.
అనాసపళ్లే వేస్తున్నాను,
వాటికి పిల్లలుండరు.

ఈ కాగితంతో రోడ్డెక్కకూడదట.
మరి ఇంటికెలాగని అడిగితే
తాడు కట్టి లాక్కెళ్లమన్నాడు.
పార్వతీపురం పాతసామాన్లాయన ఫోన్లో
కిలో రేటు చెప్పాడు,
డీజిలు తీసేశాకే తూస్తాడట.

సాయంత్రం బిస్సంకటకం బస్సు.
తవుడు ఆఖర్న ఎక్కాడు, చంకలో రాయి.
‘సక్రం కింద ఇటక్కాయ ఎట్టీసినాను,
సాల్లే, ఇంకెక్కడికెల్తాదది.’
కండక్టరు వంగి చూసి
దీనికి లగేజీ కొట్టాలన్నాడు.
తవుడు నా మొహం చూశాడు.
కొట్టించాను.

ఘాటీ దగ్గర గేరు మారుతూ
బస్సు ఒక్క క్షణం వెనక్కి తూగింది.
నిద్రలో ఉన్న తవుడి కాలు
తలుపు వైపు జరిగింది.