నాలుగు గళ్ళు

సండర్లాండ్ ఆసుపత్రి మూడో అంతస్తులో,
సముద్రపు తేమకి ఉబ్బి కిటికీ తెరుచుకోని గదిలో
నాకిచ్చిన పని ఇది:
ముప్ఫై ప్రశ్నల కాగితాన్ని తెలుగులోకి దించడం.
పురీషనాళంలో క్యాన్సర్‌కి రేడియేషన్ అయ్యాక
కోత పెట్టాలా, కనిపెట్టుకుని కూర్చోవాలా అని
ఏడేళ్ళుగా నడుస్తున్న పరిశోధనలో
తెలుగు మాట్లాడే రోగి ఒక్కరే.
ఒక్కరి కోసం ఒక భాష.

మొదటి ప్రశ్న దగ్గరే పెన్ను ఆగింది.
మలం అంటే నిఘంటువు వాసన.
విరేచనం అంటే మందుల చీటీ.
అమ్మ వాడిన మాట కమిటీ ఒప్పుకున్నా
నా చెయ్యి ఒప్పుకోదు.
దొడ్డికి, బయటికి, ఏటి ఒడ్డుకి, చెంబట్టుకుని...
వెళ్ళిన చోటునే మాట చేసుకున్నాం గానీ
వెళ్ళిన పనికి పేరు పెట్టలేదు మనం.

రాసినదాన్ని మళ్ళీ ఇంగ్లీషులోకి తిప్పి చూస్తారు. అది నియమం.
తిప్పినావిడ ఎవరో రెడింగ్‌లో ఉంటుంది.
'కడుపులో బాధ' అని నేను రాస్తే
'గర్భంలో దుఃఖం' అయి తిరిగొచ్చింది.
ఎర్ర సిరాతో చుట్టి అడిగారు, ఏది సరి?
రెండూ, అనడానికి గడి లేదు.

మాణిక్యాంబ మంగళవారం వచ్చింది.
వృద్ధుల హోమ్ వంటింట్లో పదకొండేళ్ళు.
గ్రేవీకి, పుడ్డింగుకి, మేనేజరుతో తగువుకి
చాలినంత ఇంగ్లీషు ఉంది.
దీనికి లేదు.
గోడకేసి చూస్తూ చదివాను:
'గత వారంలో మీ అదుపు లేకుండా గాలి పోయిందా?
అసలు లేదు. కొంచెం. బాగానే. చాలా ఎక్కువగా.'
నవ్వు మొదలెట్టి ఆపలేకపోయింది.
"కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందనేది మా నాయనమ్మ.
ఇక్కడ కాగితమ్మీద పడుతోంది. నయమే."

తర్వాత నవ్వకుండా చెప్పింది.
బస్సెక్కేముందు
ఏ స్టాపు దగ్గర ఏ షాపు, ఆ షాపులో వెనక తలుపు ఎక్కడ,
దాని తాళంచెవి ఎవరి దగ్గర,
అన్నీ వేళ్ళమీద లెక్కేసుకుంటుందట.
సీబర్న్ బీచ్ పక్కనే ఉంది,
చూసి పద్నాలుగు నెలలు.
"ఇది నీ నాలుగు గళ్ళలో ఏ గడి తమ్ముడూ?"

'బాగానే' దగ్గర టిక్కు పెట్టాను.
మార్జిన్‌లో బీచ్ పేరు రాశాను.
రాయకూడదు. రాశాను.

"నా చీటీ ఎవరు తీశారు?" అని అడిగింది.
కంప్యూటరు, అన్నాను.
"దానికి నా పేరు తెలుసా?"
తెలీదు. తెలీకపోవడమే దాని ధర్మం.
కాసేపు ఆలోచించి
"అయితే పక్షపాతం లేదన్నమాట" అంది,
దేవుడి గురించి ఎన్నడూ అంత మాట అనని మనిషి.

వరండాలో నార్మన్ థర్ల్‌వెల్,
ఓడలు కట్టిన రోజుల్లో వెల్డరు.
కోత చీటీ ఆయనకి వచ్చింది. చొక్కా కింద సంచి.
ఆయన యాస నాకే సగం అందదు.
సంచిని పెంపుడు కుక్కని తట్టినట్టు తట్టి చూపించాడు.
ఈవిడ అయిదు వేళ్ళెత్తి, గోడ గడియారంలో
అర్ధరాత్రి ఉండే చోటు చూపించింది.
ఆయన టోపీ తీశాడు.

మార్చిలో లెక్కలు మూసేశారు.
రెండువందల పన్నెండు మంది, ఆరు పట్టికలు.
'మార్జిన్‌లో రాతలు విశ్లేషణలో చేర్చలేదు' అని
అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం.
తెలుగు ప్రతి ఫైల్లోకి వెళ్ళింది. వాడినవారు: ఒకరు.

ఫోన్ చేసి చెప్పాను.
"నేనూ ఆ వెల్డరూ, ఎవరం గెలిచాం?"
బతకడంలో తేడా తేలలేదండీ, అన్నాను.
అటువైపు చాలాసేపు
ప్లేట్లు పేర్చుతున్న చప్పుడు.
"ఆ మాట ఆయనక్కూడా చెప్పు" అంది,
"వాళ్ళ యాసలో చెప్పు."