నాలుగూ పది

క్లాక్స్‌విక్ రేవులో వాన
ఏటవాలుగా కాదు, అడ్డంగా కురుస్తోంది.
పై అంతస్తులో రన్వా
రెండు టెర్మినళ్ళు తెరిచి కూర్చుంది:
ఒకటి పనికి, ఒకటి ప్రాణానికి.
కొత్త తాళం పడుతోందని తేలేదాకా
పాత గుమ్మం మూయకూడదని
ఒకసారి తనే బయట చిక్కుకుపోయి నేర్చుకుంది.

రూట్‌కి ఇక నేరుగా దారి లేదు.
ఈ రాత్రితో పాస్‌వర్డులు చెల్లవు,
తాళంచెవి ఉన్నవాళ్ళే రావాలి.
లాగ్‌లో ఊరూ పేరూ లేనివాళ్ళు
అడ్మిన్ అని, టెస్ట్ అని, గెస్ట్ అని
నిమిషానికి నలభైసార్లు తలుపు తడుతున్నారు.
తట్టనీ.

కానీ తెల్లవారుజామున నాలుగూ పదికి
ఒక పేరు, హానుస్.
తట్టిన మొదటిసారికే లోపలికి.
మొన్నా, నిన్నా, ఇవాళా.
హానుస్‌ని మట్టిలో పెట్టి మూడు చలికాలాలు.

ఐపీ అడ్రసు పట్టుకుని మెట్లు దిగింది
చేపల వాసనలోకి, ఐసుగడ్డల చప్పుడులోకి.
మూలన తుప్పుపట్టిన తూకం యంత్రం.
దాని పొట్టలో ఆయన రాసిన నాలుగు వరుసలు,
ఆయన పేరు,
పాస్‌వర్డుగా ఆయన పడవ పేరు.
రాత్రి పడ్డ కాడ్ చేపల బరువు
ఇన్నాళ్ళూ ఆయనే వచ్చి చెప్పిపోతున్నట్టు.

యంత్రానికి సొంత పేరు పెట్టింది,
సొంత తాళంచెవి ఇచ్చింది,
బరువు రాయడం తప్ప మరేదీ ముట్టుకోకుండా.
హానుస్ ఖాతా బిగించింది.
తుడిచెయ్యమని నిబంధన.
ఆ వరుస దగ్గర వేలు ఆగింది.
రేపు చూద్దాంలే.

రెండో టెర్మినల్ ఇంకా మూయలేదు.
నాలుగూ పది కానీ.