కొళాయి సందు

నీళ్లు మూడో మెట్టెక్కిన రాత్రి
వ్యాసర్పాడి పటంలో
మా సందు ఉండాల్సినచోట ఉత్త బూడిదరంగు.

ఫోన్లో పదకొండు శాతం చార్జి.
వేలితో గీత గీశాను.
ఎక్కడ వంకర తిరుగుతుందో కాళ్లకు తెలుసు.

పేరేం పెట్టను?
రేషన్ కార్డులో ఒకటి, కరెంటు బిల్లులో ఇంకొకటి.
"కొళాయి సందనే రాయవే,
అందరం కొట్టుకు చచ్చేది అక్కడేగా" అంది ఓబులమ్మత్త
మంచం మీద మంచమేసుకుని, దాని మీద కూర్చుని.

ఏ ఊళ్లోనో ఎవరో, ముఖం తెలీని మనిషి,
ఆకాశం నుంచి తీసిన ఫొటో చూస్తూ
నా గీత పక్కన ఇళ్లు గీస్తున్నారు, ఒక్కో చదరం.
పదిహేడోది మాది.
రేకు ఎగిరిపోకుండా నాన్న పెట్టిన తిరగలిరాయి
వాళ్లకు కనబడిందో లేదో.

తెల్లారగట్ల కాశిమేడు పడవొచ్చింది.
తెడ్డు ఒక చేత, ప్లాస్టిక్ కవర్లో ఫోను ఒక చేత,
వచ్చీరాని తెలుగులో ఆరోక్యం అరిచాడు:
"కొళాయి సందు ఇదేనా?"

మా సందును పేరు పెట్టి
బయటివాడొకడు అడగడం అదే మొదలు.
బదులివ్వడం మరిచిపోయాం కాసేపు.

ఓబులమ్మత్త బిందె వదలనంది. బిందెతోనే ఎక్కించాం.
నేనింకా ఎక్కలేదు.
రెండు శాతం ఉంది.
వెనక సందు గీయాలి.
దాన్ని వాళ్లు ఏమని పిలుచుకుంటారో,
గోడ మీద నుంచి కేకేసి అడుగుతున్నాను.